అప్‌డేట్: చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ రోజు గుర్రాల్ని ముందే అంచనా వేయడం ఎలా?

ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో 2025 మార్చి 14న జరిగిన పందేల కార్డు (ఏ పందెంలో ఏ గుర్రాలున్నాయో చెప్పే జాబితా) చూసి గట్టి పోటీ ఇచ్చే గుర్రాల్ని ఎలా పట్టుకోవాలని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

బాగా పనికొచ్చిన సలహా: చివరి పరుగు ఒక్కటే కాదు, ఆ కోర్సులో ఇంతకుముందు ఏం చేసిందో చూడమన్నది. 2023, 2024 గోల్డ్ కప్‌లు గెలిచిన గాలోపిన్ డే షాంప్ అనే గుర్రం గురించే అందరి మాటా. ఇనోదవేయర్‌థింకిన్ అనే ఇంకో గుర్రం ఫిబ్రవరిలో ఐర్లండ్‌లోని లెపర్డ్‌స్‌టౌన్‌లో దాని వెనక నాలుగోదిగా వచ్చింది. కానీ 2024లో ఇదే చెల్టెన్‌హామ్‌లో కిమ్ మ్యూర్ అనే పందెం గెలిచింది, అదీ మూడు మైళ్లు దాటిన పందెం. గోల్డ్ కప్ కూడా అలాంటిదే: 22 కంచెలు, చివర్లో ప్రాణం తీసే ఎక్కుడు దారి. చివరికి గోల్డ్ కప్‌ని ఆరు లెంగ్తుల (ఆరు గుర్రాల పొడవు) తేడాతో ఇనోదవేయర్‌థింకినే కొట్టేసింది!

అక్కర్లేదని తేలినది డ్రా నంబర్, అంటే గుర్రం ఏ స్టాల్ (గేటు గది) నుంచి బయల్దేరుతుందో చెప్పే నంబర్. మలక్‌పేట రేసుల అలవాటుతో దానికోసం వెతికాను. గోల్డ్ కప్ లాంటి, కంచెలు దూకే జంప్ పందేల్లో స్టాల్సే ఉండవు, టేపు దగ్గర గుంపుగా నిలబడి బయల్దేరతాయి. గుర్రం మోసే బరువుల లెక్క హ్యాండిక్యాప్‌లకే (మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెట్టే పందేలకే) దాచుకోండి. గోల్డ్ కప్‌లో ఆడ గుర్రాలకీ అయిదేళ్ల గుర్రాలకీ ఇచ్చే తగ్గింపు తప్ప అన్నిటికీ ఒకటే బరువు.

ఫామ్ అంకెల్లో (కార్డులో గుర్రం పాత పరుగుల్లో ఎన్నోదిగా వచ్చిందో చూపే వరసలో) కుడి చివరిది తాజా పరుగు. 'ఎఫ్' పడిపోయింది, 'యు' జాకీ జారిపడ్డాడు, 'పి' మధ్యలో ఆపేశారు.