సగం గీసిన బొమ్మను జనం ముందు పెట్టవచ్చా?

హన్మకొండ చదువరి:
మా కాలనీ కళాకేంద్రంలో ఒక చిత్రకారిణి పది రోజులుగా చేర్యాల పద్ధతిలో, అంటే గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే తీరులో, పటం వేస్తున్నారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఎవరైనా వెళ్లి చూడవచ్చు. ఎవరో ఫోటో తీసి కాలనీ వాట్సాప్‌లో పెట్టారు. "కళ్లూ ముక్కూ లేని ముఖాలు, ఇదేం బొమ్మ?" అని ఒకటే వెక్కిరింతలు. రెండు రోజులుగా ఆమె రావడం లేదు. పని పూర్తయ్యేదాకా తలుపు వేసి ఉంచాలంటాను. ఉడుకుతున్న కూరను వడ్డిస్తామా?

జనగామ మాస్టారు:
వడ్డించం, కానీ ఉప్పు చూడమనేది అప్పుడే కదండీ! అయినా కళ్లు లేకపోవడం తప్పు కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. కుంచెతోనే బొమ్మ గీసి, బొమ్మల వెనుక ఖాళీలో ఎరుపు నింపి, ఒంటి రంగులు వేస్తారు. కళ్లు దిద్దే నల్లగీత చివరికి వస్తుంది. ఈ సంగతి ఒక అట్ట మీద రాసి గోడకు తగిలిస్తే గొడవే ఉండేది కాదు. పైగా ఇది ఒంటరి కళ కాదు. పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు తమ కథకు తగ్గట్టు పటాలు వేయించుకునేవారు.

కాజీపేట కుంచె:
మాస్టారూ, వాళ్లకు కథ కంఠతా వచ్చు. ఆ పటం పట్టుకుని ఊరూరా తిరగవలసిందీ వాళ్లే. పకోడీల పొట్లంతో వచ్చి "ఎరుపు కాస్త తగ్గించండమ్మా" అనే పెద్దమనిషికి ఏమి పోతుంది? శనివారం నేను అక్కడే ఉన్నాను. ఆయన మాట విని ఆమె ఒక మూల ఎరుపును తడిగుడ్డతో పలచన చేశారు. ఆయన వెళ్లాక మళ్లీ చిక్కగా పూశారు. అడుగుపూత లేచి చిన్న పెచ్చు కట్టింది. దాన్ని గోటితో నిమురుతూ చాలాసేపు కూర్చుండిపోయారు. చూడనివ్వాలి, సలహాలు మాత్రం వద్దు.

హన్మకొండ చదువరి:
చూసినవారి నోటికి తాళం ఎవరు వేస్తారు? వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని తిరిగి కట్టడానికని 2006లో విప్పారు, 2024లో గానీ తెరవలేదు. ఆ రాళ్లను చూసి "ఇక లేచినట్టే" అనని వారు ఈ ఊళ్లో ఉన్నారా?

జనగామ మాస్టారు:
నేనూ అన్నాను, ఒప్పుకుంటాను. కానీ కాకతీయుల కట్టడం కింద ఇసుక పునాది ఉంటుందని మావాడికి తెలిసింది ఆ విప్పిన మండపం వల్లే. ఇప్పుడు తీసుకెళ్తే సెల్ఫీ దిగి వస్తాడు.

కాజీపేట కుంచె:
ఇప్పుడే ఆమెతో ఫోనులో మాట్లాడాను. సోమవారం వస్తారట. తలుపు తెరిచే ఉంటుంది, ఆమె మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంటారట. పెచ్చు లేచిన మూలను అలాగే వదిలేస్తానన్నారు.

హన్మకొండ చదువరి:
గోడవైపు తిరగడమంటే తలుపు వేసుకోవడమే కదండీ!