విశాఖలో అద్దె ఫ్లాట్‌లో పోల్ డ్యాన్స్ సాధన: తలకిందులు కావడం ఎప్పుడు మొదలుపెట్టవచ్చు?

ప్రశ్న: మధురవాడ అమ్మాయి

అందరికీ నమస్కారమండీ. నా వయసు 28, మధురవాడలో అద్దెకు ఉంటున్నాను. బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు నాలుగు నెలలపాటు పోల్ డ్యాన్స్ తరగతులకు వెళ్లాను. ఫైర్‌మాన్ స్పిన్, చెయిర్ స్పిన్ అనే తిరుగుళ్లు, తొడలతో పోల్‌ను పట్టి కూర్చునే పోల్ సిట్, పైకెక్కే మామూలు క్లైంబ్ వరకు వచ్చాయి గానీ, ఇన్వర్ట్, అంటే తలకిందులయ్యే పాఠం మొదలయ్యేలోగా బదిలీ మీద విశాఖకు వచ్చేశాను. ఇక్కడ మా ఇంటికి దగ్గరలో నేర్పేవారెవరూ కనిపించకపోవడంతో, నేలకూ పైకప్పుకూ మధ్య మర తిప్పి బిగించే 45 మిల్లీమీటర్ల క్రోమ్ పోల్ ఒకటి కొని హాల్లో నిలబెట్టుకున్నాను.

గత ఆదివారం సాయంత్రం చెయిర్ స్పిన్ చేస్తుండగా చెమటకు పైచేయి జారి, తుంటి మీద పడ్డాను. దెబ్బ పెద్దది కాదు, నీలిరంగు మచ్చతో పోయింది. కానీ లేచి చూస్తే పోల్ అడుగుభాగం టైల్ మీద అంగుళం మేర పక్కకు జరిగి ఉంది. అప్పటినుంచి దాన్ని ముట్టుకోవాలంటే గుండె దడగా ఉంటోంది. మా హాలుకు ఫాల్స్ సీలింగ్ ఉందని కూడా చెప్పాలి. పోల్ పైకొసన ఉండే పళ్లెం, అంటే పైపళ్లెం, దానికే ఆని ఉంది.

నేను తెలుసుకోదలచినవి ఇవి. పోల్‌ను ఎక్కడ, ఎలా నిలబెట్టాలి? ఈ ఊరి ఉక్కపోతలో పట్టు జారకుండా ఏం చేయాలి? ఇన్వర్ట్‌కు నేను సిద్ధంగా ఉన్నానో లేదో గురువు లేకుండా ఎలా తెలుస్తుంది? రెండు వారాలుగా కుడి మోచేయి లోపలివైపు సన్నగా నొప్పి కూడా ఉంది. మా అమ్మ పక్కన నిలబడి పట్టుకుంటానంటోంది. ఆవిడకు 56 ఏళ్లు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: లాసన్స్ బే కాలనీ నుంచి

అమ్మాయిగారూ, మిగతా ప్రశ్నలన్నీ తర్వాత. ఫాల్స్ సీలింగ్‌కు ఆనించిన ఆ పోల్‌ను ఈ రోజే విప్పి పక్కన పడుకోబెట్టండి. మీరు పడినప్పుడు అది మీ మీద పడకపోవడం మీ అదృష్టం. స్లాబు సంగతి ఇక్కడ ఇంజినీరుగారెవరైనా నాకంటే బాగా చెబుతారు కాబట్టి, నేను ఐదేళ్లుగా ఇంట్లో చేస్తున్న సాధన గురించి మాత్రం రాస్తాను.

మన ఇళ్లలో మొదట చూసుకోవలసింది సీలింగ్ ఫ్యాను. మామూలు ఫ్యాను రెక్కల కొస నుంచి కొసకు 1200 మిల్లీమీటర్లు, అంటే నడిమధ్య నుంచి రెక్క కొసకు రెండడుగులు. మీరు పోల్ పైభాగంలో కాలు చాచితే అది ఫ్యాను వైపు ఎంత దూరం వెళ్తుందో నేల మీద నిలబడి ఊహించుకోలేరు. పోల్ చుట్టూ అన్నివైపులా కనీసం ఐదడుగుల ఖాళీ ఉండాలి, ఆ ఐదడుగుల్లో ఫ్యాను, టీవీ, గాజు బల్ల ఏవీ ఉండకూడదు. సాధన చేసే గదిలో ఫ్యాను స్విచ్ ఆపితే చాలదు, దాని మీద కాగితం అంటించి ఇంట్లోవారికి చెప్పి ఉంచాలి. మా ఇంట్లో ఒకసారి మా అత్తగారు నా మీద జాలిపడి, ఉక్కగా ఉంది కదా అని ఫ్యాను వేశారు. అప్పుడు నేను సగం పైకెక్కి ఉన్నాను.

ఇక చెమట. ఈ నాట్యంలో పట్టంతా ఒంటి చర్మానిదే. తొడలు, మోకాలి వెనుక భాగం, చంకలు నేరుగా లోహాన్ని తాకాలి కాబట్టే పొట్టి దుస్తులు వేసుకుంటారు తప్ప, చూసేవారి కోసం కాదు. లెగింగ్స్‌తో పోల్ సిట్ ప్రయత్నిస్తే సర్రున జారి కిందికి వస్తారు. తలంటి పోసుకున్న రోజున, ఒంటికి లోషన్ రాసుకున్న రోజున పోల్ జోలికి వెళ్లకండి. జడకు రాసిన కొబ్బరినూనె సైతం మెడ మీదుగా చేతికీ, చేతినుంచి పోల్‌కూ చేరుతుంది. నేను ప్రతి రెండు మూడు ప్రయత్నాలకోసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో పోల్ తుడుస్తాను. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అడిగితే లేబుల్ చదివి తీసుకోండి, ఎందుకంటే కొన్ని రకాల్లో ఆముదం కలుస్తుంది, అది తుడిస్తే పోల్‌కు మనమే నూనె పట్టించినట్టవుతుంది. జెల్ శానిటైజర్లు కూడా పనికిరావు, వాటిలోని గ్లిజరిన్ పోల్ మీద జిడ్డుగా మిగిలిపోతుంది. ఆల్కహాల్ ఆవిరి మంటను ఇట్టే అందుకుంటుంది గనుక, దేవుడి గదిలో దీపం వెలుగుతుండగా పక్కన తుడవకండి.

అరచేతులకు లిక్విడ్ చాక్ బాగా పనిచేస్తుంది. అది ఆల్కహాల్‌లో కలిపిన మెగ్నీషియం కార్బొనేట్, రాసుకుని ఆరనివ్వాలి. ఏసీ గది అయితే గంట ముందే వేసి గాలిలో తేమ తగ్గించండి గానీ, మరీ చల్లబరచవద్దు, చల్లటి లోహం మీద ఎండిన చర్మం కూడా నిలవదు. వేడిగా, తేమగా ఉండే ఊళ్లలో క్రోమ్ కంటే ఇత్తడి పోల్‌కు పట్టు ఎక్కువని చాలామంది అంటారు, నా అనుభవమూ అదే. పైగా క్రోమ్ అనేది పైపూత మాత్రమే, సముద్రపు గాలికి ఆ పూత ఎక్కడైనా పొక్కితే అక్కడ చర్మం గీరుకుంటుంది. నెలకోసారి వేలితో పైనుంచి కింది దాకా తడిమి చూసుకోండి. ఇత్తడి నల్లబడుతుంది, అది నిజమే. మా అమ్మ దేవుడి చెంబులతో పాటు దాన్నీ చింతపండుతో తోముతానని బయలుదేరింది, పులుసు జిగురు మిగిలిపోతుందని చెప్పి ఆపడానికి నాకు ఒక పూట పట్టింది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. ఇన్వర్ట్‌కు సిద్ధమయ్యారో లేదో తెలుసుకోవాలంటే, పైకి వెళ్లగలరా అని కాదు, నెమ్మదిగా దిగగలరా అని చూసుకోండి. పోల్ పక్కన నిలబడి, రెండు చేతులతో ఛాతీ ఎత్తున పట్టుకుని, గెంతకుండా, కాలు విసరకుండా, మోకాళ్లను పొట్టవైపు ముడుచుకుని ఐదు లెక్కపెట్టే దాకా నిలవండి. తర్వాత మరో ఐదు లెక్కపెడుతూ పాదాలను చప్పుడు లేకుండా నేలకు దించండి. ఇలా కుడివైపు ఐదుసార్లు, ఎడమవైపు ఐదుసార్లు చేయగలిగి, చివరిసారి కూడా పాదాలు దభీమని పడకుండా ఉంటే ఆ తర్వాతి మెట్టు గురించి ఆలోచించవచ్చు. ఈ పని చేయలేనివారే కాలు విసిరి ఊపుతో తలకిందులవుతారు. ఊపుతో పైకి వెళ్లినవారికి దిగేటప్పుడు ఆ ఊపు ఉండదు కదా, బరువంతా ఒక్కసారిగా అలసిన చేతుల మీదికి వస్తుంది.

మొదటి ఇన్వర్ట్ ఎప్పుడూ నేల మీద నిలబడే మొదలుకావాలి, పోల్ ఎక్కి గాలిలో కాదు. తలకిందులై ఉండగా రెండు చేతులూ పోల్‌ను గట్టిగా పట్టుకున్నాయని రూఢి అయ్యేదాకా కాళ్ల పట్టు వదలకూడదు. అదే విధంగా, మోకాలి వెనుక పట్టు పూర్తిగా బిగిసేదాకా చేతులు వదలకూడదు. వీడియోలలో ఈ మార్పిడి అర సెకనులో అయిపోతుంది. ప్రమాదమంతా ఆ అర సెకనులోనే ఉంటుంది. నా సలహా అడిగితే, మొదటి నాలుగైదు ఇన్వర్ట్‌ల కోసమైనా మళ్లీ బెంగళూరో హైదరాబాదో వెళ్లి, నేర్పేవారి దగ్గర రెండు మూడు ప్రైవేటు తరగతులు తీసుకోండి. రైలు ఛార్జీ మెడ ఎముక కంటే చవక. ఉంగరాలు, గాజులు, పట్టీలు, మెడలో గొలుసు అన్నీ తీసేసి మొదలుపెట్టండి. వేలికీ పోల్‌కీ మధ్య ఉంగరం పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

సమాధానం: సివిల్ ఇంజినీరును

పై సోదరి చెప్పినది నిజం. ఫాల్స్ సీలింగ్ అంటే పల్చటి రేకు ఛానెళ్లకు వేలాడదీసిన జిప్సం బోర్డు, అది తన బరువు మోయడానికే ఉంది. బిగించే రకం పోల్ నిలబడేదే పైకీ కిందికీ ఒత్తిడి పెట్టడం వల్ల. బోర్డు ఆ ఒత్తిడికి వంగుతుంది, వంగినకొద్దీ పోల్ వదులవుతుంది. మీ పోల్ అంగుళం జరగడానికి టైల్ నునుపు కారణం కాదు, పైన ఆధారం లేకపోవడమే కారణం.

పోల్ పైపళ్లెం నేరుగా కాంక్రీటు స్లాబుకుగానీ దూలానికిగానీ ఆనాలి. హాలుకూ భోజనాల గదికీ మధ్య అడ్డంగా వచ్చే దూలం కింద పెట్టుకుంటే ఎత్తు కూడా కలిసివస్తుందని చాలామందికి తోస్తుంది. అయితే మన అపార్టుమెంట్లలో దూలం వెడల్పు చాలాచోట్ల 9 అంగుళాలే. మీ పైపళ్లెం అంతకంటే వెడల్పైతే అంచులు గాలిలో ఉంటాయి, అది కుదరదు. స్లాబు కింద పెట్టేటట్లయితే ఎత్తు కొలవండి. మన గదులు 10 అడుగులు ఉంటాయి, చాలా పోల్‌లు అదనపు ముక్క లేకుండా 9 అడుగుల వరకే సాగుతాయి. లోపలి మరను దాని హద్దు దాటి బయటికి తిప్పి ఆ లోటు పూడ్చుకోవాలని మాత్రం చూడవద్దు. అదే తయారీదారు అమ్మే పొడిగింపు ముక్కనే కొని, వారు చెప్పిన చోటనే బిగించండి.

మధురవాడ భవనాలు చాలావరకు కొత్తవి గనుక మీకు ఫరవాలేదు గానీ, బీచ్ రోడ్డు పక్కన పాత ఇళ్లలో ఉండేవారు ఇది చదువుతుంటే ఒక మాట. ఉప్పుగాలికి స్లాబులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులూడుతుంది. సున్నం ఉబ్బినచోట, సన్నటి గోధుమరంగు గీతలు కనబడినచోట, సుత్తి పిడితో తడితే డొల్ల శబ్దం వచ్చినచోట పోల్ ఆనించకండి.

స్లాబుకు డ్రిల్ చేసి బోల్టులతో బిగించే రకం గురించి ఎవరైనా సలహా ఇస్తే, ఇంటి యజమాని అనుమతి సంగతి అలా ఉంచి, ఫ్యానుకు వెళ్లే కరెంటు పైపులు ఆ స్లాబులోనే పూడ్చి ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఇంకొకటి, ఖర్చు తగ్గుతుందని వెల్డింగ్ షాపులో మెట్ల రెయిలింగ్ పైపుతో పోల్ చేయించుకునేవారిని చూశాను. ఆ పైపు గోడ మందం దాన్ని పట్టుకుని ఊగే మనిషి బరువుకోసం లెక్కగట్టినది కాదు, అతుకు దగ్గర నెమ్మదిగా వంగుతూ ఒకరోజు విరుగుతుంది.

బిగించాక రసమట్టం పెట్టి రెండు పక్కల నుంచీ నిటారుతనం చూడండి. సాధనకు కూర్చున్న ప్రతిసారీ ముందుగా రెండు చేతులతో పోల్‌ను కుదిపి చూడటం, స్పిన్ మోడ్ (పోల్ తానే తిరిగేది), స్టాటిక్ మోడ్ (తిరగకుండా నిలిచేది) మార్చే మరలను బిగించి చూడటం అలవాటు చేసుకోండి. తిరుగుళ్ల అదురుకు అవి వదులవుతూనే ఉంటాయి.

సమాధానం: ఫిజియోథెరపిస్టును, సీతమ్మధార

మోచేయి లోపలివైపు నొప్పి, పిడికిలి బిగించినప్పుడు పెరిగేటట్లయితే, అది చాలావరకు ముంజేతి కండరాలు ఎముకకు అతుక్కునే స్నాయువు మీద పడిన శ్రమ. చూడకుండా నిర్ధారించలేను కాబట్టి ఒకసారి ఎవరికైనా చూపించండి. అప్పటివరకు చేతి పట్టుతో తిరిగే స్పిన్‌లు ఆపండి. కారణం తరచుగా రెండే: పట్టు జారుతుందన్న భయంతో అవసరానికి మించి పోల్‌ను నలపడం, కుడివైపు మాత్రమే సాధన చేయడం. చెమట సమస్య తీరితే మీ మోచేతికి సగం విశ్రాంతి దొరుకుతుంది.

భుజం గురించి అడగకపోయినా చెబుతాను. చేయి పైకి చాచి వేలాడేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి వెళ్లిపోతే, బరువంతా కీలు చుట్టూ ఉన్న సన్నని కండరాల మీద పడుతుంది. వేలాడే ముందే రెక్క ఎముకలను వెనక్కీ కిందికీ లాగి, మెడ పొడవుగా కనిపించేటట్లు ఉంచుకోవాలి. పది పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కనిదే పోల్ పట్టవద్దు. ఇన్వర్ట్ బలం కోసం చేసే సాధనకు మధ్య ఒకటి రెండు రోజుల విరామం ఇవ్వండి. కండరాలు త్వరగానే బలపడతాయి, స్నాయువులకు నెలలు పడుతుంది.

గ్లాకోమా (నీటికాసులు), అదుపులో లేని రక్తపోటు, రెటీనా సమస్యలు ఉన్నవారు, గర్భిణులు డాక్టరు అనుమతి లేకుండా తలకిందులు కాకూడదు. తలకిందులైనప్పుడు కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

మీ అమ్మగారి విషయం. పక్కన నిలబడేవారి పని పడే మనిషిని ఎత్తుకోవడం కాదు, తల, మెడ ముందుగా నేలకు తగలకుండా తుంటినీ వీపునూ తోసి మళ్లించడం. దానికి శిక్షణ కావాలి. 56 ఏళ్ల ఆవిడ మీ కిందికి వస్తే ఇద్దరికీ దెబ్బలు తగులుతాయి. ఆవిడను గదిలోనే, మ్యాట్‌కు దూరంగా, ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోమనండి. పోల్ చుట్టూ అమరేటట్లు మధ్యలో కంత, చీలిక ఉన్న, నాలుగంగుళాల మందపు క్రాష్ మ్యాట్, అంటే పడితే దెబ్బ తగ్గించే మ్యాట్, తీసుకోండి, పరుపు దానికి ప్రత్యామ్నాయం కాదు, మడమ దానిలో దిగబడి చీలమండ మడతపడుతుంది. ఒకవేళ మెడ మీద పడి, చేతులు తిమ్మిరెక్కినా, మెడ నడుమ నొప్పి అనిపించినా, ఎవరూ లేపి కూర్చోబెట్టకూడదు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. నీళ్లు తాగించే ఆత్రం వద్దు.

సమాధానం: మల్లఖంబం నేర్చుకున్నవాడిని

చిన్న మాట. మల్లఖంబం అంటే నిలువు చెక్క కంబం మీద చేసే వ్యాయామ విద్య. మా కంబం టేకుదో సిసుదో, అడుగున లావుగా ఉండి పైకి సన్నబడుతూ వెళ్తుంది, దానికి మేము ఆముదం పూస్తాం. మీరు నూనె తుడుస్తారు, మేము రాస్తాం, ఎందుకంటే మేము చేసే వేగానికి రాపిడి తగ్గకపోతే చర్మం ఒలిచిపోతుంది. అందుచేత మల్లఖంబం వీడియో చూసి ఆ మలుపును స్టీలు పోల్ మీద ప్రయత్నించవద్దు, పట్టు సూత్రమే వేరు. అయితే మా గురువుగారు మొదటి నెలంతా ఒక్క అడుగు ఎత్తు నుంచి దిగడమే చేయించారు. పైకెక్కడానికి ఆయన అనుమతించిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది, అప్పటికి నాకు ఎక్కాలన్న తొందరే పోయింది.

మళ్లీ: మధురవాడ అమ్మాయి

అందరికీ ధన్యవాదాలండీ. పోల్ విప్పేశాను. దూలం కొలిస్తే ఇంజినీరుగారు చెప్పినట్టు సరిగ్గా 9 అంగుళాలుంది, నా పైపళ్లెం దానికంటే వెడల్పు. ఫాల్స్ సీలింగ్ లేని వెనుక గదిలో స్లాబు 9 అడుగుల 10 అంగుళాల ఎత్తులో ఉంది కాబట్టి అడుగు పొడవున్న పొడిగింపు ముక్కకు, మ్యాట్‌కు ఆర్డరు పెట్టాను. ఫ్యానును తీయించి గోడ ఫ్యాను పెట్టిస్తే అభ్యంతరం లేదని ఇంటి యజమాని ఒప్పుకున్నారు, ఎందుకని మాత్రం అడగలేదు. మోచేయి చూపించుకోవడానికి గురువారం వెళ్తున్నాను. ద్వారబంధానికి పైన బిగించిన పుల్-అప్ కడ్డీకి నిన్న భుజాలు దించి వేలాడి చూస్తే ఎనిమిది లెక్కపెట్టేసరికే చెవుల దాకా వచ్చేశాయి. అమ్మ గడియారం చూస్తూ, పది అని అబద్ధం చెప్పింది.