నాలుగు సెషన్లయినా తేడా లేకపోతే థెరపిస్టును మార్చాలా, ఆగాలా?

కలువకొలను (చర్చ మొదలు)

కౌన్సెలింగ్ మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో సారికో నాలుగో సారికో మానేస్తున్నారు. "వెళ్తున్నాం, చెప్పుకుంటున్నాం, వస్తున్నాం. ఏం మారిందని?" అన్నది వాళ్ల మాట. "తొందరపడితే ఎలా, టైం పట్టదా?" అన్నది అవతలివాళ్ల మాట. ఆందోళన, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఆఫీసు ఒత్తిడి లాంటి వాటితో వెళ్లేవాళ్ల వరకే అడుగుతున్నాను. హైదరాబాద్‌లో ప్రైవేటుగా అయితే ఒక్కో సెషన్‌కు వెయ్యి నుంచి రెండు వేల దాకా, కొన్నిచోట్ల అంతకు మించి కూడా తీసుకుంటున్నారు. నాలుగు సెషన్లంటే చాలా ఇళ్లలో నెల సరుకుల ఖర్చు. అందుకే ఊరికే "ఓపిక పట్టండి" అంటే కుదరదు, ఎంతవరకు పట్టాలో కూడా చెప్పాలి. సొంత అనుభవాలు వద్దు. పద్ధతి తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మారేడు

మార్చాలి. థెరపిస్టును కాకపోయినా, చేస్తున్న పద్ధతినైనా మార్చాలి.

ఆందోళనకీ డిప్రెషన్‌కీ ఎక్కువగా వాడేది సీబీటీ, అంటే ఆలోచనల మీదా చేతల మీదా పనిచేసే చికిత్స. మామూలుగా 12 నుంచి 20 సెషన్లు, వారానికొకటి, ఒక్కోటి 45–50 నిమిషాలు. మేలు జరగబోయేవాళ్లలో చాలామందికి మొదటి మూడు నాలుగు వారాల్లోనే కొంత కదలిక కనిపిస్తుందని పరిశోధనల్లో పదే పదే తేలింది. పూర్తిగా తగ్గిపోవాలని అనడం లేదు, కదలిక కనిపించాలి అంటున్నాను.

ఆ కదలికను మనసుకు తోచినట్టు కాకుండా అంకెల్లో చూడండి. పీహెచ్‌క్యూ-9 అని డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది, ఉచితంగానే దొరుకుతుంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో చూసి ఒక్కోదానికి 0 నుంచి 3 వేసుకోవాలి. అన్నీ కలిపితే ఎక్కువలో ఎక్కువ 27. 10, ఆపైన అయితే పట్టించుకోవాల్సిన స్థాయి, 20, ఆపైన అయితే తీవ్రం. ఐదు పాయింట్లు తగ్గితే అది నిజమైన మార్పు కింద లెక్క. 16తో మొదలుపెట్టిన మనిషి నెల తర్వాత కూడా 16 దగ్గరే ఉంటే, అదే దారిలో ఇంకో నెల నడవడానికి కారణం ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నింపేటప్పుడు ఒక పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. సెషన్ అయిపోయి తేలిగ్గా అనిపిస్తున్నప్పుడు నింపితే అంకె తక్కువ వస్తుంది. సెషన్‌కు ముందే, రెండు వారాలకోసారి, పక్కన ఎవరూ లేనప్పుడు నింపండి. ఇంకో మాట. తొమ్మిదో ప్రశ్న చావు గురించిన ఆలోచనలది. దానికి 0 కాకుండా ఏ అంకె వచ్చినా వచ్చే సెషన్ దాకా ఆగకుండా ఆ రోజే థెరపిస్టుకు చెప్పాలి. టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

తుంగభద్ర

మారేడు గారూ, అంకెలతో చూడమన్నది మంచి మాటే. నాలుగు దగ్గర గీత గీయడాన్ని మాత్రం ఒప్పుకోలేను.

ఎన్ని సెషన్లకు ఎంతమందికి మేలు జరుగుతుందన్న దానిమీద 1986లో అమెరికాలో కెన్నెత్ హోవార్డ్ బృందం, అప్పటిదాకా జరిగిన చాలా అధ్యయనాలను కలిపి లెక్క కట్టింది. ఎనిమిది సెషన్లకు దాదాపు సగం మందిలో, 26 సెషన్లకు నూటికి 75 మందిలో కొలవదగ్గ మెరుగుదల కనిపించింది. దాన్ని తిప్పి చదవండి. ఎనిమిదింటి దగ్గర కూడా సగం మందికి ఇంకా తేడా తెలియలేదు. వాళ్లలో చాలామందికి తర్వాత తెలిసింది. నాలుగింటికే లేచిపోతే వాళ్లందరూ "నాకిది పనిచేయదు" అన్న నమ్మకంతో ఇంటికి పోతారు. అలా ఒకసారి పోయినవాళ్లు రెండోసారి రావడం కష్టం.

పైగా మొదటి నాలుగింట్లో చికిత్స ఎంత? మొదటి సెషన్ ఎలా గడుస్తుందో చూడండి. మొదటి ఐదు పది నిమిషాలు గోప్యత, ఫీజు, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి లాంటివి. తర్వాత అరగంట సేపు ప్రశ్నలు: ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, రోజు ఎలా గడుస్తోంది, నిద్ర, మందులు, మద్యం, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా. ఈ చివరి ప్రశ్న అందరినీ అడుగుతారు, మిమ్మల్ని అనుమానించి కాదు. ఆఖరి పది నిమిషాల్లో "మీకేం మారాలనుంది?" అన్న సంభాషణ. రెండో సెషన్‌లో కూడా సగం ఇదే. అంటే నాలుగు సెషన్లు అయ్యేసరికి అసలు పని జరిగింది రెండున్నర గంటల లోపే.

మారేడు

రెండు సెషన్లు వివరాలకే పోతాయన్నది నిజం, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు రెండో సెషన్ చివర్లో "మీ ఇబ్బంది ఇది, ఇలా నడుస్తోంది, ఇన్ని వారాలు ఇలా చేద్దాం" అని చెప్పాలి. చాలాచోట్ల ఆ మాటే చెప్పరు. నా అభ్యంతరం అక్కడే. ఎనిమిది దాకా ఆగమనండి, తప్పులేదు, కానీ దేనికోసం ఆగుతున్నారో మనిషికి తెలియాలి.

దీపశిఖ

ఇద్దరూ సెషన్లు ఎన్నో లెక్కపెడుతున్నారు. ఆ సెషన్లలో ఏం జరిగిందో చూడకపోతే నాలుగుకీ ఎనిమిదికీ తేడా ఉండదు.

ఎడ్వర్డ్ బోర్డిన్ అనే సైకాలజిస్టు 1979లో థెరపీ బంధాన్ని మూడు భాగాలుగా విడదీశాడు: ఇద్దరూ ఒప్పుకున్న గమ్యం, దానికోసం చేసే పనుల మీద ఒప్పందం, ఒకరిమీద ఒకరికి నమ్మకం. మన దగ్గర మూడోది చూసి మొదటి రెండూ మర్చిపోతారు. "మేడం చాలా మంచివారు, అంతా వింటారు" అంటారు. గమ్యం ఏమిటని అడిగితే "బాగవ్వాలి" అంటారు. అది గమ్యం కాదు. "రాత్రి పదకొండింటికి పడుకుంటే అరగంటలో నిద్ర పట్టాలి", "మీటింగ్‌లో ఒక్కసారైనా నోరు విప్పాలి" అన్నవి గమ్యాలు. నాలుగో సెషన్‌కు ఇలాంటి ఒక్క వాక్యమైనా కాగితం మీద లేకపోతే, మిగతావన్నీ బాగున్నా నేను పనిచేయడం లేదనే అంటాను.

రెండోది ఇంటి పని. వారంలో ఉన్నవి 168 గంటలు, గదిలో గడిపేది ఒక్క గంట. మార్పంతా మిగతా 167లోనే రావాలి. సీబీటీలో ఎక్కువగా ఇచ్చే ఇంటి పని ఆలోచనల పట్టిక: ఏం జరిగింది, ఏం ఆలోచన వచ్చింది, ఏ భావం ఎంత, ఆ ఆలోచనకు ఆధారం ఏమిటి, వ్యతిరేకంగా ఏముంది. ఇది తెలుగువాళ్లకు ఒకచోట అడ్డం తిరుగుతుంది. అది ఎవరూ చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఉదాహరణకు రాత్రి తొమ్మిదింటికి మేనేజరు నుంచి వాట్సాప్‌లో "రేపు మాట్లాడదాం" అని మెసేజ్ వచ్చింది. మనం పట్టికలో ఏం రాస్తాం? "భయమనిపించింది. తీసేస్తారనిపించింది." రెండింటికీ ఒకే క్రియ! మన భాషలో "అనిపించడం" అన్న మాట ఆలోచననూ భావాన్నీ ఒకే గంపలో వేసేస్తుంది. "భయం" భావం. "తీసేస్తారు" ఆలోచన. విడదీయకపోతే పట్టిక పనిచేయదు. ఎందుకంటే భయాన్ని నిజమా కాదా అని పరీక్షించలేం, అది ఉంది అంతే. "తీసేస్తారు" అన్నదాన్ని పరీక్షించవచ్చు. విడదీయడానికి చిన్న చిట్కా: "ఎంత?" అని అడిగితే జవాబు వచ్చేది భావం, "నిజమా?" అని అడగగలిగేది ఆలోచన. భయం ఎంత? నూటికి 80. తీసేస్తారన్నది నిజమా? పోయిన నెలలో ఇలాంటి మెసేజ్‌లు మూడు వచ్చాయి, మూడూ పని గురించే. ఇది రాశాక భయం మళ్లీ ఎంతో వేసుకోవాలి. 80 కాస్తా 55 అయితే చాలు, సున్నా రానక్కర్లేదు. సున్నా రాలేదని పట్టిక పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

అన్నట్టు, ఈ పట్టిక ఇంగ్లిషులో రాయమంటే రాయకండి. మనసులో ఆలోచన ఏ భాషలో వచ్చిందో ఆ భాషలోనే, ఆ మాటలతోనే రాయాలి. "అందరి ముందూ పరువు పోతుంది" అన్న మాటకు ఉన్న బరువు తర్జుమాలో ఉండదు. బెంగ, దిగులు, గుబులు మూడింటినీ కలిపి యాంగ్జైటీ అని రాసేస్తే థెరపిస్టుకు అందాల్సిన సమాచారం అక్కడే పోతుంది.

వానకోయిల

మధ్యలో చిన్న సందేహం. రెండు మూడు సెషన్ల తర్వాత బాగవ్వకపోగా బరువు పెరిగినట్టు ఉంటుందని అంటారు. అది మామూలేనా, మానేయడానికి సంకేతమా?

తుంగభద్ర

రెండూ ఉంటాయి, విడదీసి చూడాలి. ఏళ్ల తరబడి మూసిపెట్టిన సంగతి మాట్లాడిన రోజు సాయంత్రం, మర్నాడు అలసట, ఏడుపు, చిరాకు సహజం. ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే సెషన్ అయిన వెంటనే ముఖ్యమైన మీటింగ్ పెట్టుకోకండి, కనీసం అరగంట ఖాళీ ఉంచుకోండి. భయపడే పనిని కావాలని కొంచెం కొంచెంగా చేయించే పద్ధతి ఉంది, లిఫ్టు భయానికీ, వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీకీ వాడతారు. అందులో ముందు ఆందోళన పెరిగి తర్వాత తగ్గుతుంది. అలా పెరుగుతుందని థెరపిస్టు ముందే చెప్పి, మీరు సరేనన్నాకే మొదలుపెట్టాలి.

రెండు వారాలు దాటినా బరువు దిగకుండా, తిండి, నిద్ర, పని మూడూ ఇంకా దెబ్బతింటుంటే అది "గాయం మానేటప్పుడు దురద" కాదు. కొద్దిమందికి థెరపీ వల్ల నిజంగానే హాని జరుగుతుంది. ఈ విషయంలో ఎనిమిది దాకా ఆగమని నేనూ అనను.

కృష్ణాతీరం

అందరూ థెరపిస్టు గురించే మాట్లాడుతున్నారు. కదలిక లేకపోవడానికి కారణం ఒంట్లో కూడా ఉండొచ్చు. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా నీరసం, మతిమరుపు, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. శాకాహారుల ఇళ్లలో బీ12 లోపం మామూలే. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించకుండా నాలుగు సెషన్లకు థెరపీని తప్పుపట్టడం తొందరపాటు.

ఎవరి దగ్గరికి వెళ్తున్నారో కూడా తెలియాలి. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో చదివిన డాక్టరు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు థెరపీ చేస్తారు, మందు రాయరు. పీహెచ్‌క్యూ 20 దాటినా, మంచం దిగలేకపోతున్నా మాటలతో పాటు మందు అవసరం పడొచ్చు. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులకు గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తిగా తెలియడానికి ఆరు వారాల దాకా పడుతుంది. వికారం, తలనొప్పి మాత్రం మొదటి వారంలోనే రావొచ్చు. ముందు కష్టం, తర్వాత సుఖం అన్నమాట. అది తెలియక చాలామంది పదో రోజుకే ఆపేస్తారు. డాక్టరుతో చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. మెడికల్ షాపులో అడిగి అల్ప్రజోలం అనే మత్తు మాత్ర తెచ్చుకుని రాత్రుళ్లు వేసుకోవడం మాత్రం దయచేసి వద్దు, అది వారాల్లోనే అలవాటైపోతుంది.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. రద్దీ ఎక్కువ కాబట్టి యాభై నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడతారని అనుకోవద్దు. రోగ నిర్ధారణకూ మందులకూ మాత్రం వెనకాడకుండా వెళ్లొచ్చు.

మారేడు

దీనికి ఒకటి కలుపుతాను. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి నమోదు నంబరు ఉంటుంది. అడిగితే చెప్పాలి. ఎంఏ, ఎంఎస్సీ సైకాలజీ చదివి కౌన్సెలింగ్ చేసేవాళ్లలో చాలామందికి ఆ నంబరు ఉండదు. అంతమాత్రాన పనికిరారని కాదు. ఎక్కడ శిక్షణ పొందారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగండి. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ చూపిస్తే రెండో సెషన్ అక్కర్లేదు.

నాలుగూ ఎనిమిదీ చూడకుండా అప్పటికప్పుడే లేచి రావాల్సిన సందర్భాలు కూడా ఉన్నాయి. మీ మాటలు మీ అనుమతి లేకుండా అమ్మానాన్నలకో భర్తకో చేరవేయడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. "ఫీజు కడుతున్నది వాళ్లే కదా" అన్నది అందులో లేదు. ఇంకా, కులం పేరుతోనో పెళ్లి పేరుతోనో తీర్పులు చెప్పడం, గది బయట స్నేహం కలుపుకోవడం, ఇరవై సెషన్ల డబ్బు ముందే కట్టించుకుని తిరిగి ఇవ్వననడం.

కలువకొలను

అందరికీ ధన్యవాదాలు. అసలు చిక్కు ఇంకొకటి మిగిలింది. తేడా లేదని థెరపిస్టుతో ఎదురుగా చెప్పడానికి మనవాళ్లకు మొహమాటం. పెద్దవారు, చదువుకున్నవారు, ఏమనుకుంటారో అని ఫోన్ ఎత్తడం మానేస్తారు. చెప్పకుండా మానేయడం కంటే మెరుగైన దారి ఏమైనా ఉందా?

దీపశిఖ

ఉంది, ముందే రాసుకుని వెళ్లడం. ఐదో సెషన్ మొదట్లోనే, చివరి ఐదు నిమిషాల కోసం దాచుకోకుండా, కాగితం చూసి చదివినా ఫర్వాలేదు: "నాలుగు వారాలైంది. నిద్ర విషయంలో నాకు తేడా తెలియడం లేదు. మనం ఏ పద్ధతిలో వెళ్తున్నాం? ఎన్ని వారాలకు ఏం కనిపించాలి? కనిపించకపోతే ఏం మారుద్దాం?" ఇందులో నింద లేదు, నాలుగు ముక్కల్లో అయిపోతుంది. "నేను ఎక్కువ సలహాలు అడగడం లేదు, మీరు వింటే చాలనిపిస్తోంది" అనో "ఊరికే వినడం చాలడం లేదు, చేయడానికి ఏమైనా ఇవ్వండి" అనో చెప్పినా థెరపిస్టుకు పనికొచ్చే సమాచారమే.

ఆ ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే ఉండాలా మారాలా తేల్చుకోండి. శిక్షణ ఉన్నవాళ్లు నొచ్చుకోరు, స్కోరు చూస్తారు, దారి మారుస్తారు, లేదా "ఈ ఇబ్బందికి నాకంటే ఫలానా పద్ధతి తెలిసినవారు మేలు" అని పంపుతారు. "మీకే సహకరించే మనసు లేదు" అన్నారంటే ఆరో సెషన్ బుక్ చేయకండి.

మారదలిస్తే చివరిగా ఒక సెషన్‌కు వెళ్లి ఒక పేజీ సారాంశం రాసిమ్మని అడగండి: ఏ ఇబ్బందిగా అంచనా వేశారు, స్కోర్లు ఎంత నుంచి ఎంతకు వచ్చాయి, ఏం ప్రయత్నించారు, ఏది మిగిలింది. మారేడు గారు చెప్పిన 2017 చట్టం 25వ సెక్షన్ ప్రకారం మీ వైద్య రికార్డులు చూసే హక్కు మీకు ఉంది. ఆ పేజీ చేతిలో ఉంటే కొత్త థెరపిస్టు దగ్గర కథంతా మొదటి నుంచి చెప్పే రెండు సెషన్లలో ఒకటైనా మిగులుతుంది.

తుంగభద్ర

ఆ ఐదో సెషన్ సంభాషణ జరిగి, జవాబు సరిగ్గా వస్తే ఎనిమిది దాకా ఉండమనే నా మాట. చిన్నప్పటి నుంచి ఉన్న ఇబ్బంది అయితే ఎనిమిది కూడా తక్కువే.

మారేడు

సంభాషణ జరిగితే నాకూ అభ్యంతరం లేదు. జరగకపోతే మాత్రం నాలుగే.