బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని అయిదేళ్లు దాటినవాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారు?

గుంటూరు అక్క:
మా తమ్ముడికి 34 ఏళ్లు, 138 కిలోలు, షుగర్, నిద్రలో ఊపిరి ఆగిపోయే గురక. డాక్టర్లు స్లీవ్ (పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) చేయించమన్నారు. ఆరు నెలల ఫొటోలు చాలా చూశాను. ఏళ్లు గడిచినవాళ్లు చెప్పండి: బరువు మళ్లీ వచ్చిందా, షుగర్ ఏమైంది, బీమా డబ్బు వచ్చిందా?

తూకంరాయి:
2014లో బైపాస్ చేయించుకున్నాను. గుండెకు కాదు, పొట్టను చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్. 131 నుంచి 79కి దిగాను, ఇప్పుడు 91. పెద్ద భోజనం ఈనాటికీ పట్టదు, పెరిగింది జంతికలతోనే. టీవీ ముందు ఒక్కొక్కటే కొరుకుతూ కూర్చుంటే గిన్నె ఖాళీ అవుతుంది, పొట్ట అడ్డు చెప్పదు. ఆరేళ్లు షుగర్ మాత్ర ముట్టలేదు, తర్వాత ఒకటి మొదలైంది. ఒకప్పుడు రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకున్నవాణ్ని, నాకిది పెద్ద లాభం. రాత్రిపూట మజ్జిగన్నంతో సరి.

విశాఖ అల:
మజ్జిగన్నమా! తినేటప్పుడు నీళ్లే వద్దంటారు కదా. జావలా జారిపోయి గంటకే ఆకలి. మీ 12 కిలోలు అక్కడివే.

తూకంరాయి:
మీరు నా గిన్నె చూశారా? గరిటెడు అన్నం, గట్టి పెరుగు, రెండు చెంచాల మజ్జిగ.

పథ్యం:
పన్నెండేళ్లుగా డైటీషియన్‌గా ఇదే నా పని. గట్టి పెరుగన్నం వేరు, తాగే మజ్జిగన్నం వేరు. అసలు చూడవలసింది ప్రొటీన్. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు. ముందు గుడ్డో చేపో పనీరో తిని, చోటుంటే అన్నం.

విశాఖ అల:
పట్టికలు రాయడం తేలికేనండీ. మూడో ముద్దకే ఛాతీలో పట్టేసి, పెళ్లి పంక్తిలోంచి లేచి పరుగెత్తినవాళ్లకు తెలుస్తుంది.

మెట్టపొలం:
మజ్జిగ గురించి ఇంత వాదన, మాత్రల గురించి ఒక్క ముక్క లేదు! బైపాస్ అయిన నాలుగో ఏట నా భార్యకు అరికాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో వాకిట్లో నిలబడి ఉండేది. బాగానే ఉన్నాను కదా అని మాత్రలు మానేసింది, నేనూ అడగలేదు. బి12 అడుగంటింది. ఇంజెక్షన్లతో చాలావరకు కోలుకుంది గాని ఎడమ పాదంలో తిమ్మిరి అలాగే ఉంది. బి12, ఐరన్, క్యాల్షియం, డి విటమిన్ జీవితాంతం వేసుకోవాలి. ఏటా రక్తపరీక్ష తప్పదు.

పథ్యం:
ఐరన్‌కు, క్యాల్షియంకు మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఐరన్ వేసుకోవద్దు.

కృష్ణా కాలువ:
అక్కగారూ, మీ తమ్ముడికి ఇప్పటికే గుండెల్లో మంట ఉందా? నాకు ఉండేది, ఎవరూ అడగలేదు. స్లీవ్ తర్వాత మూడేళ్లు దిండ్లకు చేరగిలబడి నిద్రపోయాను. పడుకుంటే పుల్లనీళ్లు గొంతులోకి వచ్చేవి. చివరికి బైపాస్‌గా మార్చారు. ఫిన్లాండ్‌లో పదేళ్ల తర్వాత ఎండోస్కోపీ చేస్తే, అన్నవాహిక వాపు స్లీవ్ వాళ్లలో 31 శాతం మందికి, బైపాస్ వాళ్లలో 7 శాతం మందికి కనిపించింది.

తూకంరాయి:
మనిషిని భయపెట్టకండి. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేయించుకోని స్థూలకాయుల కన్నా సుమారు మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో ప్రకటించారు.

విశాఖ అల:
సగమే చెప్పారు. మామూలు జనం కన్నా అయిదున్నరేళ్లు తక్కువేనని కూడా అందులోనే ఉంది. పైగా వాళ్లలో ఎక్కువమందికి చేసినవి పాతకాలపు ఆపరేషన్లు, స్లీవ్ కాదు.

కృష్ణా కాలువ:
నేను భయపెట్టలేదు. ముందే ఎండోస్కోపీ చేయించమంటున్నాను. నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

గుంటూరు అక్క:
బీమా గురించి ఎవరైనా చెప్తారా?

రెండో షిఫ్టు:
బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నిబంధనల ప్రకారం బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) కనీసం 40 ఉండాలి. లేదా కనీసం 35 ఉండి, అదుపులో లేని షుగరో తీవ్రమైన నిద్ర గురక జబ్బో, అలాంటి తీవ్రమైన జబ్బేదో ఉండాలి. నిద్ర పరీక్ష నివేదిక జతచేయలేదని నా క్లెయిము తిప్పి పంపారు. రెండోసారి పెడితే వచ్చింది. ఆ కాగితం ముందే తీసుకోండి.

గుంటూరు అక్క:
అన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. మంట ఉందట. రోజూ రాత్రి ఈనో కలుపుకుని తాగి పడుకుంటున్నాడట, ఒకే ఇంట్లో ఉండి నాకు తెలియదు. సోమవారం ఎండోస్కోపీకి తీసుకువెళ్తున్నాను.