అప్‌డేట్: పాప చెవులకు చివరికి ఏ కమ్మలు పెట్టామంటే

పాపకు చెవులు కుట్టించాక ఫ్యాన్సీ కమ్మలు పెట్టొచ్చా అని అడిగాను కదా, చాలామంది వద్దన్నారు. థాంక్స్. విశాఖ కురుపాం మార్కెట్‌లో 916 హాల్‌మార్క్ ఉన్న చిన్న దిద్దులు తీసుకున్నాం. 916 అంటే 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం, మిగతాది మామూలుగా రాగి, వెండి. దురద పుట్టించేది ఎక్కువగా నికెల్ అనే లోహం. తెల్ల బంగారంలో అది ఉండొచ్చు, సర్జికల్ స్టీల్‌లోనూ కొంత ఉంటుంది. టైటానియం కూడా మంచిదే, కానీ మా అత్తగారు ఒప్పుకోవాలిగా! వేలాడేవి వద్దనుకున్నాం, జుట్టుకీ తువ్వాలుకీ పట్టుకుంటాయి. వాపుకు చోటుండేలా వెనక మర వదులుగానే ఉంచాం. ఉప్పునీళ్లతో తుడుస్తున్నాం, కమ్మలు తిప్పడం లేదు. తమ్మెలు మానడానికి కనీసం 6 వారాలు, అందాకా ఆర్కే బీచ్‌లో మునకల్లేవు. ఎరుపు తగ్గింది. చీము పడితే మాత్రం కమ్మలు మనమే తీసేయకుండా డాక్టర్‌కి చూపించాలట.