సమస్యాపూరణం: “బస్సు లేని వేళ బస్సు నెక్కె”

గవర్నరుపేట మాస్టారు:

అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. దాన్ని అలాగే చివర ఉంచి, అర్థం కుదిరేలా పై మూడు పాదాలు మీరు పూరించాలి.

బస్సు లేని వేళ బస్సు నెక్కె

కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తున్నాను. గణం అంటే అక్షరాల గుంపు, సూర్యగణాలు మూడు మాత్రలవి, ఇంద్రగణాలు నాలుగైదు మాత్రలవి. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు 3 సూర్యగణాలు, 2 ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. పాదాల రెండో అక్షరాలు కలవాలనే ప్రాస నియమం లేదు. బడిలో కంఠస్థం చేసిన వేమన పద్యం ఒకటి పైకి చదువుకోండి, నడక దానంతటదే పట్టుబడుతుంది. ఒకటే షరతు, పూరణలో మన బెజవాడ సిటీ బస్సు కనబడాలి, పాత రోజులది.

ఈ పాదం ఎలా తట్టిందో కూడా చెప్పాలి. మొన్న వన్‌టౌన్ నుంచి బెంజ్ సర్కిల్ వైపు బస్సులో వస్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దాయన తను దిగే స్టాపు దగ్గర పడగానే చెయ్యి పైకెత్తి, కప్పు కింద గాల్లో దేనికోసమో తడిమాడు. నాకు వెంటనే అర్థమైంది, తాడు. ఇనుప రింగుల్లోంచి వెనక తలుపు దగ్గర నుంచి డ్రైవర్ దాకా సాగిన తాడు, దాని చివర గంట, ఒకసారి లాగితే ఆగాలి, రెండుసార్లు లాగితే కదలాలి. ఆయన కూర్చున్నది ఈ బస్సులోనే, చెయ్యి మాత్రం ఆ బస్సులో ఉంది. ఇంటికొచ్చేసరికి పాదం తయారైంది.

పటమట వాసి:

మాస్టారూ, మీరు చెప్పిన పెద్దాయనే నా పద్యంలోకి వచ్చేశారు.

తాత కళ్లు మూసి తలచె నా దారిని
గంట మోగె చెవిని గట్టిగాను
రైటు రైటటంచు రాగము వినిపించె
బస్సు లేని వేళ బస్సు నెక్కె

గవర్నరుపేట మాస్టారు:

మొదటి పూరణే ఇంత సాఫీగా రావడం సంతోషం. రై–రా యతి చక్కగా కుదిరింది, ఐకారానికి ఆకారంతో మైత్రి ఉంది. “రైటు రైటటంచు” అన్నచోట కండక్టర్ గొంతే వినబడింది నాకు, ఆ మాటను రాగం అనడం ఇంకా బాగుంది, ఎందుకంటే ఒక్కో కండక్టరుది ఒక్కో రాగం, కళ్లు మూసుకున్నా ఎవరి బండి ఎక్కామో తెలిసిపోయేది. మొదటి పాదంలోనే కొంచెం పేచీ. తలచెను, ఆ కలిసి “తలచెనా” అయింది, సంధి సరైనదే, కానీ విడదీసి రాయడంతో “నా దారిని” అని చదువుకునే ప్రమాదం ఉంది. తాత ఆ దారిని తలుస్తున్నాడా, నా దారిని తలుస్తున్నాడా అని ఒక్క క్షణం ఆగాను. కలిపి రాయండి చాలు.

సత్యనారాయణపురం ఆడపడుచు:

నేను పిల్లల వైపు నుంచి వచ్చాను. మా ఇంట్లో ఎండాకాలం సెలవుల్లో జరిగే ఆట ఇది, మా తమ్ముడే కండక్టరు, వాడి మెడలో నాన్నగారి పాత తోలు సంచీ.

కుర్చి నాల్గు వరుస గూర్చెను పిల్లాడు
చీటి చింపి యమ్మ చేతికిచ్చె
నవ్వి యమ్మ కూడ నడుమన కూర్చుండి
బస్సు లేని వేళ బస్సు నెక్కె

పటమట వాసి:

అమ్మా, దృశ్యం కళ్లకు కట్టింది. కు–గూ యతి కూడా చాలామందికి తట్టదు. ఒక్క సందేహం: ముందు కూర్చుని తర్వాత ఎక్కినట్టు వచ్చింది. ఎక్కాకే కదా కూర్చునేది?

గవర్నరుపేట మాస్టారు:

పటమట వారు పట్టిన తప్పు నిజమే. కుర్చీని కుర్చి అనడం నాకు అభ్యంతరం లేదు, మన నోళ్లలో ఆ పొట్టి రూపం ఉన్నదే. మూడో పాదం మార్చాలి. మీరే మారుస్తారా అమ్మా?

సత్యనారాయణపురం ఆడపడుచు:

మార్చాను చూడండి.

నవ్వి యమ్మ లేచి నడచి వచ్చి వడిగ
బస్సు లేని వేళ బస్సు నెక్కె

“వడిగ” అని కావాలనే వేశాను. మా అమ్మ వంటింట్లోంచి చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ నిజంగానే పరుగున వచ్చేది, ఆలస్యమైతే తమ్ముడు ఆగడు, డబుల్ గంట కొట్టేసేవాడు. ఆ చీటీలు పాత క్యాలెండర్ కాగితాలు. ఒకటి మా అమ్మ పోపుల డబ్బాలో చాలా ఏళ్లు ఉంది.

గవర్నరుపేట మాస్టారు:

ఇప్పుడు పద్యానికి లోటు లేదు. “వడిగ”లో మీ అమ్మగారు కనబడ్డారు.

మాచవరం విద్యార్థి:

నమస్కారం సార్, నాకు ఛందస్సు ఈ మధ్యే పట్టుబడుతోంది, తప్పులుంటే చెప్పండి. మా నాన్న చదువుకునే రోజుల్లో సెకండ్ షో చూసి గాంధీనగర్లో ఇరుక్కుపోయిన కథ ఇది.

రాత్రి సినిమ చూసి రోడ్డు మీద నిలిచి
చివరి బస్సు పోయి చింత పడితి
దయను డిపొకు బోవు దారిలో నాపగా
బస్సు లేని వేళ బస్సు నెక్కె

గవర్నరుపేట మాస్టారు:

బాబూ, గణాలు నాలుగు పాదాల్లోనూ సరిగ్గా పడ్డాయి, అది పెద్ద విషయం. తప్పులు రెండు. మొదటి పాదంలో రా–రో యతి చెల్లదు, ఆకారానికి ఓకారంతో మైత్రి లేదు. రెండో పాదంలో “పడితి” అంటే నేను పడ్డాను, చివర “ఎక్కె” అంటే అతడు ఎక్కాడు. పద్యం నడిమధ్యలో మనిషి మారిపోయాడు. ఇలా చేస్తే రెండూ తీరతాయి:

రాత్రి సినిమ చూసి రహదారిపై నిల్చి
చివరి బస్సు పోయి చింత పడుచు

డిపోను డిపొ అనడం మీద కొందరు గొడవ పెడతారు. నా మట్టుకు నాకు, వాడుకలో కలిసిపోయిన మాటను ఛందస్సు కోసం ఒక మాత్ర తగ్గించుకోవచ్చు.

పటమట వాసి:

ఆపింది ఎవరో పద్యంలో లేదు మాస్టారూ. డ్రైవర్ అనే మాట లేకుండా “ఆపగా” వేలాడుతోంది.

మాచవరం విద్యార్థి:

నిజమే సార్. నాన్న కూడా ఆ డ్రైవర్ పేరు అడగలేదట. బండిలో లైట్లు ఆర్పేసి ఉన్నాయట, కండక్టర్ ముందు సీట్లో ఎస్సార్ (టికెట్ల లెక్కల కాగితం) రాసుకుంటూ డబ్బులు లెక్కపెట్టుకుంటున్నాడట, టికెట్ అడగలేదు, ఇంజన్ బానెట్ మీద కూర్చోమన్నారు. డిసెంబరు చలిలో ఆ బానెట్ వేడి ఇప్పటికీ చెప్తాడు.

గవర్నరుపేట మాస్టారు:

అయితే ఆపిన మనిషి చీకట్లో ఉండటమే న్యాయం. అలాగే ఉంచు. పటమట వారు ఈసారికి నా మాట మన్నించాలి.

కృష్ణలంక కుర్రాడు:

మాస్టారూ, నాది కొంచెం వేరే దారి. సమస్యలో వైరుధ్యాన్ని పై పాదం చివరి మాటతో విప్పాను. 1992 పుష్కరాలప్పుడు మా నాయనమ్మ ఇంద్రకీలాద్రికి బయల్దేరిన రోజు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్నాను, అప్పుడు నాకు ఏడేళ్లు.

అవ్వ గుడికి బోవ నారాట పడకుండ
వేచి వేచి చూసె వీధి మలుపు
మూడు బండ్లు విడిచె ముందు, కిక్కిరిసిన
బస్సు లేని వేళ బస్సు నెక్కె

సత్యనారాయణపురం ఆడపడుచు:

అబ్బ! “కిక్కిరిసిన” పాదం దాటి కిందికి దూకగానే సమస్య కరిగిపోయింది. రెండుసార్లు చదివాను.

గవర్నరుపేట మాస్టారు:

అవధానాల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, పృచ్ఛకుడు, అంటే సమస్య అడిగేవాడు ఇచ్చిన పాదానికి పై నుంచి ఒక విశేషణం తగిలించి అర్థం తిప్పేయడం. తెలిసిన పద్ధతే అయినా ఇక్కడ అది అవసరం కొద్దీ వచ్చింది, అందుకే అందం. మూడు బండ్లు వదిలేసిన ఓర్పు అవ్వది, ఆ ఓర్పుకే “కిక్కిరిసిన” అనే బరువు మాట పాదాల మధ్య విరిగి నిలబడింది. అ–నా యతి కూడా సరే, “బోవన్”, “ఆరాట” కలిసినచోట అచ్చుకు అచ్చు. ఆనాటి రద్దీలో ముందు తలుపు ఆడవాళ్లకు, వెనక తలుపు మగవాళ్లకు, ఏడేళ్ల పిల్లాడివి కాబట్టి నువ్వు ముందు నుంచే ఎక్కి ఉంటావు.

కృష్ణలంక కుర్రాడు:

అవును మాస్టారూ, ఆడవాళ్ల మధ్యన. పూలు, పసుపు, నది నీళ్లతో తడిసిన చీరల వాసన. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలింది, ఆగస్టు అయినా బెజవాడ ఎండ కదా. నాయనమ్మ తన కొంగు మడిచి ఊచకు చుట్టి “ఇప్పుడు పట్టుకో నాన్నా” అంది.

పటమట వాసి:

మాస్టారూ, మీ పూరణ ఏది? ఎప్పుడూ మాచేత రాయించి మీరు తప్పించుకుంటారు.

గవర్నరుపేట మాస్టారు:

రాశాను. వేయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను, ఎందుకంటే ఇది మా ఇంట్లో జరిగింది.

మా నాన్నకు 1958లో పదహారేళ్లు. ఆ ఏడు జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. దాని పేరు కార్పొరేషన్ అని తెలిసినా నాన్న జీవితాంతం “గవర్నమెంటు బస్సు” అనే అన్నాడు, ఆయన తరం అంతా అలాగే అంది. ఉద్యోగులను 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వంలో కలిపారని పేపర్లో చదివి వినిపిస్తే “ఇన్నాళ్లూ కాదా?” అని నిజంగా ఆశ్చర్యపోయాడు. ఆఫీసుకు ముప్పై ఏళ్లు ఏలూరు రోడ్డు మీద అదే బస్సులో వెళ్లొచ్చిన మనిషి. ఒకరోజు అటక మీది పుస్తకాలు దులుపుతుంటే లెనిన్ సెంటర్లో కొన్న ఒక పాత పుస్తకంలోంచి టికెట్ జారిపడింది.

పాత పొత్తమందు పసుపు టిక్కెట్టొండు
వెనుక చిల్లరప్పు వివర ముండ
మురిసి నాన్న దాని ముడతలు సవరించి
బస్సు లేని వేళ బస్సు నెక్కె

సత్యనారాయణపురం ఆడపడుచు:

“ముడతలు సవరించి” దగ్గర నేను ఆగిపోయాను మాస్టారూ. విమర్శ అడిగితే ఒక్కటే, “ఒండు” పాతకాలపు మాట, మిగతా పద్యమంతా ఇంటి తెలుగులో ఉంటే అదొక్కటే పైకి లేస్తోంది. “చిల్లరప్పు” మాత్రం ఎంత బాగా దొరికింది! కండక్టర్లు ఇవ్వాల్సిన చిల్లర టికెట్ వెనక రాసిచ్చి “దిగేటప్పుడు అడుగు” అనేవాళ్లు, నేనైతే స్టాపు రెండు ఫర్లాంగులుండగానే టెన్షన్‌తో చేతిలో టికెట్ నలిపేసేదాన్ని.

గవర్నరుపేట మాస్టారు:

“ఒండు” గురించి మీరన్నది నిజం. గణం కోసం లొంగిపోయాను. “టిక్కె” అన్నాక గణానికి సరిపడే ఇంకో రెండు అక్షరాలు కావాలి, ఇంకో మాట దొరికితే మారుస్తాను, మీకు తట్టినా చెప్పండి.

మాచవరం విద్యార్థి:

సార్, “పసుపు టిక్కెట్టుంటె” అంటే? “క్కెట్టుంటె” ఇంద్రగణాల్లోని తగణమే అవుతుంది కదా.

గవర్నరుపేట మాస్టారు:

గణం సరిపోయింది బాబూ! కానీ కింద మళ్లీ “ఉండ” ఉంది, రెండు ఉండటాలు పక్కపక్కన పడతాయి. అయినా దగ్గరకొచ్చావు. ఇంకోసారి ప్రయత్నించు, ఈ పాదం నీకు వదిలేస్తున్నాను.

కృష్ణలంక కుర్రాడు:

మాస్టారూ, ఆ టికెట్ వెనక ఎంత రాసి ఉంది?

గవర్నరుపేట మాస్టారు:

నలభై పైసలు. కండక్టర్ నీలం సిరాతో 40 అని వేసి కింద గీత గీశాడు. ఎందుకు తీసుకోలేదు నాన్నా అని అడిగాను. ఆ రోజు బస్సు నిండా జనం ఉన్నారట, రేపు కూడా ఆయనే వస్తాడు కదా అని దిగిపోయాడట.