ఇంట్లో ఉంటూనే రంగులు వేయించాలి: ఘాటు తక్కువ ఉండే రంగును ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక గృహిణి)

మాది మూడు పడకగదుల ఫ్లాటు. అత్తగారు, మామగారు, మేమిద్దరం, నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు ఉంటాం. సంక్రాంతికి ముందే గోడలకు రంగులు వేయించాలనుకుంటున్నాం గాని, అత్తగారికి ఉబ్బసం ఉంది. పోయినసారి రంగులు వేసినన్నాళ్లూ ఆవిడ మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. అయినా తిరిగి వచ్చిన రాత్రే ఆయాసం వచ్చి, తెల్లవార్లూ ఇన్‌హేలర్ చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. ఈసారి ఇల్లు ఖాళీ చేసే వీలు లేదు. దుకాణంలో అడిగితే వాసన లేని రంగులంటూ మూడు డబ్బాలు చూపించారు. మూడింటి మీదా ఆకు బొమ్మే ఉంది. వాసన లేకపోతే హాని లేనట్లేనా? పాప క్రేయాన్లతో గోడలన్నీ గీసేస్తుంది కనుక, తుడిస్తే మరక పోయే రంగు కావాలి.

జవాబు (రంగుల దుకాణం నడిపే ఒకరు)

అమ్మా, వాసన వేరు, హాని వేరు. రంగు ఆరేటప్పుడు గాలిలో కలిసే కర్బన రసాయనాలను వీఓసీ అంటారు. కొన్ని రంగుల్లో వాటిని తగ్గించకుండా సుగంధం కలిపి ఘాటును కప్పేస్తారు; ఉబ్బసం ఉన్నవారికి ఆ సుగంధమే పడకపోవచ్చు. అందుచేత ఆకు బొమ్మను పక్కన పెట్టి, లీటరుకు ఎన్ని గ్రాముల వీఓసీ ఉందో చూడండి. డబ్బా మీద ఆ అంకె లేకపోతే, ఆ రంగు సాంకేతిక వివరాల పత్రం ఇమ్మని దుకాణదారును అడగండి. ఐరోపా సమాఖ్యలో లోపలి గోడలకు వేసే మెరుపు లేని నీటి రంగులకు 2010 నుంచి లీటరుకు 30 గ్రాములే పరిమితి; అంతకు లోపు ఉన్నదాన్ని నేను ధైర్యంగా ఇస్తాను. కంపెనీ తనకు తాను వేసుకున్న బొమ్మ కన్నా, హైదరాబాదులోని సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇచ్చే గ్రీన్‌ప్రో వంటి బయటి సంస్థ ముద్ర నయం.

మా వ్యాపారంలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మీరు చూసే అంకె తరచుగా తెల్ల బేసుకు, అంటే ఇంకా ఛాయ కలపని మూల రంగుకు సంబంధించినది. మిషన్ కింద డబ్బా పెట్టి టింటర్ (ఛాయనిచ్చే చిక్కటి రంగు) కలిపినప్పుడు, అందులో గ్లైకాల్ వంటి ద్రావకాలుంటే ఆ అంకె పెరుగుతుంది. ముదురు రంగుకు టింటర్ ఎక్కువ పడుతుంది కనుక మరీ పెరుగుతుంది. లేత రంగు ఎంచుకుని, టింటర్లలో వీఓసీ ఉందో లేదో కూడా అడగండి. పాప సంగతికొస్తే, కాస్త మెరుపున్న ఎమల్షన్ (నీటితో కలిపే ప్లాస్టిక్ రంగు) వేయించండి. డిస్టెంపర్ మాత్రం వద్దు. తడిగుడ్డ పెడితే క్రేయాన్ గీతతో పాటు రంగూ గుడ్డకు వస్తుంది.

జవాబు (హనుమకొండ నుంచి)

మా అనుభవం మీకు పనికి రావచ్చు. గోడలకు ఖరీదైన రంగే కొన్నాం, రెండు రోజులు అంతా బాగానే ఉంది. మూడో రోజు మేస్త్రీ తలుపులకు, కిటికీ గ్రిల్స్‌కు మామూలు ఎనామిల్ తెచ్చి, పలుచన కావడానికి టర్పెంటైన్ పోసి కలిపాడు. గోడలకు మేము పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క పూటతో వృథా అయింది. వారం దాటినా పడకగది తలుపు దగ్గరికి వెళితే కళ్లు మండేవి. మేస్త్రీని తప్పుపట్టలేను, మేము ముందుగా చెప్పలేదు. నీటితో కలిపే ఎనామిల్ కూడా దొరుకుతుంది, అదే తెప్పించండి.

ఇంకొక మాట. మీ అత్తగారికి రంగు కన్నా పుట్టీ దుమ్ము ఎక్కువ ఇబ్బంది కావచ్చు. గరుకు కాగితంతో రుద్దినప్పుడు లేచే ఆ తెల్లటి పొడి పరుపుల దాకా వెళుతుంది. ఇల్లు పాతదైతే తలుపుల పాత రంగును పొడిగా అసలు గీకించవద్దు. రంగుల్లో సీసాన్ని (లెడ్) 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలకు పరిమితం చేసే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామిల్ దుమ్ము చిన్నపిల్లలకు ప్రమాదం.

జవాబు (తెనాలి నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

ఇంత వెతుకులాట దేనికి, సున్నం ఉండగా? మా ఇంట్లో ఏటా పండుగకు ముందు సున్నం నానబెట్టి, తుమ్మబంక, కాస్త నీలిమందు కలిపి వెల్ల వేసేవాళ్లం. బూజు పట్టేది కాదు, ఘాటూ ఉండేది కాదు. అది వద్దనుకుంటే ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021లో విడుదల చేసిన ఆవుపేడ రంగును చూడవచ్చు.

జవాబు (రంగుల దుకాణం నడిపే ఒకరు)

మాస్టారూ, సున్నం మీద నాకూ గౌరవమే. అయితే వీరి గోడల మీద ఇప్పటికే ఎమల్షన్ ఉండి ఉంటుంది. సున్నానికి పీల్చుకునే గోడ కావాలి, ఎమల్షన్ మీద అది పట్టక పొరలుగా రాలుతుంది. పైగా గోడకు ఆనుకుంటే వీపంతా తెల్లబడుతుంది, పిల్లలున్న ఇల్లు.

ప్రశ్న అడిగినవారు

అవునండీ, ఎమల్షనే ఉంది. లేత రంగుకే మొగ్గుతున్నాం. తలుపుల పని వేసవికి వాయిదా వేస్తాం. ఏ గది ముందు మొదలుపెట్టమంటారు?

జవాబు (రంగుల దుకాణం నడిపే ఒకరు)

అత్తగారి గదే ముందు. వారం రోజులు కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి ఆరనివ్వండి. ఆ వారం ఆవిడ పడక పని మొదలుపెట్టని గదిలో ఉండాలి. తరువాత ఆవిడను తన గదిలోకి పంపి, మిగతా గదుల పని జరిగే వేళ ఆ తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ దోపండి. కిటికీ మాత్రం తెరిచే ఉంచండి.